అక్క పీట, లారీ ఇరుసు

కుమాసీలో మా మ్యాగజీన్‌ని ఒకసారి చూసి పోయినవాళ్లు అది బళ్లకు శ్మశానం అంటారు. ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. ఒకప్పుడు తుపాకిమందు దాచిన చోటు కాబట్టి ఈ బళ్ల మరమ్మతు పేటకి మ్యాగజీన్ అన్న పేరు మిగిలిపోయింది గానీ, ఇక్కడ ఏదీ చావదు. కారు తలుపు కోళ్ల గూటికి తలుపవుతుంది. పిస్టన్లు కరిగి చారు కాచుకునే కుండలవుతాయి. లారీ ఛాసిస్ ఎవరింటికో దూలమై కూర్చుంటుంది. కళ్లున్నవాడికి ఇది పురిటిగది, లేనివాడికి తుక్కు కుప్ప. ఎవరి చూపు వాళ్లది.

ఈ తుక్కు మధ్యలో ఒక తాటాకంత రేకు షెడ్డు కింద అంటోబాం పనిచేసేవాడు. అతని అసలు పేరు సగం మందికి తెలియదు. మ్యాగజీన్ అంతా అతన్ని డిఫరెన్షియల్ అనే పిలిచేది. లారీ వెనక ఇరుసు నడిమధ్య బొజ్జలా ఉబ్బి కనిపిస్తుందే, ఆ ఇనప డొక్కే డిఫరెన్షియల్. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలి చక్రం తక్కువ పోవాలి. రెండూ కొట్టుకు చావకుండా ఎవరి వేగం వాళ్లకు పంచిపెట్టే పెద్దమనిషి అది. ఆ పెద్దమనిషికి జబ్బు చేస్తే నయం చెయ్యడంలో అంటోబాంని మించినవాడు లేడని అతని శత్రువులు కూడా ఒప్పుకునేవారు. అతనైతే ఎవరూ ఒప్పుకోకముందే చెప్పుకునేవాడు.

"వేలు పెట్టి తిప్పితే చాలు, ఎక్కడ నొప్పో అదే చెప్తుంది" అనేవాడు. నిజంగానే చెప్పేది.

అంటోబాం అంటే మా భాషలో తండ్రి పోయాక పుట్టినవాడు. తల్లికి పొలం పని, ఇంటి పని, ఏడుపు పని అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. వాణ్ని వీపున కట్టుకుని పెంచింది అక్క ఆచియా. బోడ్వేక్రొం అనే ఆ ఊళ్లో ఆడవాళ్ల బతుకంతా గారీ మీదే. కర్రపెండలం చెక్కు తీసి, తురిమి, సంచుల్లో కట్టి, బరువు పెట్టి నీళ్లు పిండి, జల్లించి, పెనం మీద వేయిస్తే వచ్చే రవ్వ అది. అన్నిటిలోకీ తురమడం పాపిష్టి పని. మేకుతో బొక్కలు కొట్టిన రేకు మీద దుంప రుద్దాలి. దుంప అయిపోయే వేళకి రేకు వేళ్లను అందుకుంటుంది. ఆచియా చేతి కణుపుల మీద తోలు ఎన్నిసార్లు లేచిపోయి మళ్లీ వచ్చిందో ఆమెకే తెలియదు. ఆ చేతులతోనే తమ్ముణ్ణి లారీ ఎక్కించి మ్యాగజీన్‌లో బ్రెఫో మేస్త్రీ దగ్గర పనికి పెట్టింది.

బ్రెఫో మేస్త్రీ పని నేర్పేవాడు, తిట్లు కూడా నేర్పేవాడు. అంటోబాం రెండూ బాగా నేర్చుకున్నాడు. పని నేర్చుకోవడం పూర్తయి మేస్త్రీ విడుదల ఇచ్చే రోజు రానే వచ్చింది. మాలో ఆ రోజు పెళ్లి కంటే గొప్పది. పెద్దలు నేల మీద సారా ధార పోసి పితరులకు చెప్తారు. మేస్త్రీ దీవిస్తాడు. తర్వాత నీవాళ్లంతా మీదపడి ముఖానికి, మెడకి, వీపుకి పౌడరు కొడతారు. ఆ తెల్లటి ముఖంతో వీధి వీధీ తిరిగితే ఇతనికి పని వచ్చిందని లోకానికి తెలుస్తుంది. తోటివాళ్ల అమ్మలు, పిన్నులు, చెల్లెళ్లు పౌడరు డబ్బాలు ఖాళీ చేస్తున్నారు. అంటోబాం వైపు ఎవరూ లేరు. తల్లి అప్పటికి పోయింది. ఆచియా కుడిచేతికి రేకు గాయం చీము పట్టి, జ్వరంతో మంచం మీద ఉంది. చివరికి బ్రెఫో మేస్త్రీయే గ్రీజు చేత్తో ఇంత పౌడరు తీసి నుదుట అద్దాడు. ఆ అద్దిన ముద్రలో పౌడరు కంటే గ్రీజే ఎక్కువ. అక్క రాలేదన్న బాధ అంటోబాం ఎవరితోనూ అనలేదు. అక్కతో అసలే అనలేదు.

ఆ రోజే మేస్త్రీ అతనికి ఒక డిఫరెన్షియల్ ఇచ్చాడు. అడవిలోంచి దుంగలు మోసిన పాత బెడ్‌ఫోర్డ్ లారీది. ఆ లారీ నుదుటి పలక మీద 'ఓపిక' అని రాసి ఉండేదట. "పని నేర్చుకోవడానికి ఎవడొచ్చినా ముందు దీన్ని ముట్టుకోనివ్వు. మంచిది ఎలా ఉంటుందో చేతికి తెలిస్తే చెడ్డది అదే తెలుస్తుంది" అన్నాడు. అంటోబాం దాన్ని బల్ల కింద పెట్టుకుని, నూనె మార్చుకుంటూ, దుమ్ము తుడుచుకుంటూ ఈగ వాలనివ్వకుండా చూసుకున్నాడు. ఒక చివర ఇరుసు ముందుకు తిప్పితే రెండో చివర చప్పుడు లేకుండా వెనక్కి తిరిగేది. అతని దగ్గర పని నేర్చిన ప్రతివాడూ మొదట చేసిన పని అదే.

కాలం ఒక్కలా ఉంటుందా. ఓడల్లో పరాయిదేశాల పాత సామాను పెట్టెలకు పెట్టెలు దిగడం మొదలైంది. డిఫరెన్షియల్ చెడితే బాగుచేయించే ఓపిక ఎవరికీ లేకుండా పోయింది. చెడ్డది పీకెయ్, పెట్టెలోంచి వచ్చింది బిగించెయ్. అంటోబాం షెడ్డు ముందు బళ్లు తగ్గాయి. దానికి అతను దిగులుపడి కూర్చునే రకం కాదు. పీకి పారేసిన సామానే తెచ్చుకుని మొక్కజొన్న ఒలిచే యంత్రం ఒకటి, పామాయిలు గింజలు పగలగొట్టేది ఒకటి చేసి అమ్మాడు. రెండూ ఆడాయి. ఇంక తను చెయ్యలేని యంత్రం లేదన్న నమ్మకం వచ్చేసింది. అతనికి నమ్మకం రావడానికి ఎప్పుడూ ఎక్కువ సమయం పట్టేది కాదు.

ఒక ఉదయం ఆచియా షెడ్డు గుమ్మంలో దిగింది. పైట కొంగున ఏదో మూట, చంకన గారీ సంచి. పక్క షెడ్డులో వెల్డింగు చేసుకునే అబుకరి స్టూలు తెచ్చి వేశాడు. అబుకరిది ఉత్తరాది, టమాలే వైపు. అంటోబాంతో రోజూ గొడవపడకపోతే అతనికి తిన్నది అరగదు.

"కూర్చోక్కా. ఈ డొక్కుగాడికి పనిలేదని ఊళ్లో తెలిసిందా, చూడ్డానికొచ్చావు?" అన్నాడు.

"పని తెచ్చానయ్యా" అంది ఆచియా. కూర్చుని, మోకాళ్లు రుద్దుకుని, తాపీగా చెప్పింది. "మా ఆడవాళ్లకి తురిమే యంత్రం ఇస్తామని కొట్టువాళ్లొచ్చారు. నిగనిగలాడుతోంది, ఎర్ర రంగు. అందరూ నోళ్లు తెరుచుకుని చూశారు. నేను వద్దన్నాను."

"ఎందుకు వద్దన్నావే?" అన్నాడు అంటోబాం.

"మా తమ్ముడు చేస్తాడన్నాను."

అంటోబాం స్పానరు కింద పెట్టాడు. "నాతో ఒక మాట అనకుండానే?"

"ఇప్పుడంటున్నాను కదా. వచ్చే సంతరోజుకి కావాలి. తురమాలి, జల్లించాలి, రెండూ ఒక్కటే చెయ్యాలి. జల్లెడ ఊపలేక భుజాలు పడిపోతున్నాయి."

"అక్కా, దాని వెనక ఇంకేదో ఉంది. నీ ముఖం చూస్తే తెలుస్తోంది."

ఉంది మరి. ఆచియా బోడ్వేక్రొం గారీ ఆడవాళ్లందరికీ రాణి. ఎవరి దుంప ఎప్పుడు తురమాలి, ఏ సంతకి ఎంత పంపాలి, ఎవరి తగువు ఎవరు తీర్చాలి అన్నీ ఆమె మాట మీదే. గారీ పాక మధ్యలో ఆమె పీట ఉంటుంది. ఆ పీట మీద ఇంకొకరు కూర్చోరు. ఆ పీట మీద టివా అనే ఆవిడకి ఎప్పట్నుంచో కన్ను. ఎర్ర యంత్రాన్ని వద్దనగానే టివా లేచి, "నీ తమ్ముడి యంత్రం ఆడకపోతే ఏం చేస్తావ్?" అని అందరి ముందూ అడిగింది.

"ఆడకపోతే ఆ సాయంత్రమే పీట దిగిపోతానన్నాను" అంది ఆచియా, గారీకి నీళ్లు చాలుతాయా లేదా అన్నంత మామూలుగా.

అబుకరి ఈలవేశాడు. అంటోబాం తల గోక్కున్నాడు. వెంటనే సర్దుకున్నాడు.

"పీట దిగక్కర్లేదు. దాని మీద మెత్త వేయించుకో" అన్నాడు.

ఆచియా లేచింది. కొంగు మూట తడుముకుంది. విప్పుతుందేమో అనుకున్నాడు గానీ విప్పలేదు. "సరే" అని ఒక్క మాట అని బస్సు స్టాండు వైపు నడిచిపోయింది.

ఆ వారమంతా అంటోబాం షెడ్డులో ఒకటే మోత. పాత టాక్సీ ఇంజిను, దానికి గేరుబాక్సు తోడు. అడ్డంగా లారీ ఇరుసు. ఇరుసుకి ఒక చివర బ్రేకు డ్రమ్ము, దాని చుట్టూ మేకుతో గుచ్చిన స్టీలు రేకు, అది తురుముడు చక్రం. రెండో చివర బొక్కల రేకుతో చేసిన పీపాయి, అది జల్లెడ. తురుము నీళ్లు పిండడానికి రెండు లారీ జాకీలు. అన్నిటినీ ఛాసిస్ ముక్కల మీద కూర్చోబెట్టి అబుకరి వెల్డు చేశాడు. ఒక ఇంజిను, రెండు పనులు. ఎర్ర యంత్రం తురమడమే చేస్తుంది, దానికి జల్లించడం రాదు. ఆ సంగతి అంటోబాం మ్యాగజీన్‌లో చెప్పనివాడు లేడు.

ఇరుసు మధ్యలో ఏ డిఫరెన్షియల్ పెట్టాలన్న దగ్గర ఇద్దరికీ మాటామాటా వచ్చింది.

"బయట కుప్పలు పడున్నాయి కదరా. ఏదో ఒకటి తగిలించు" అన్నాడు అబుకరి.

"మా అక్కకి కుప్పలోది పెడతానా?"

"అది దుంపలు తురుముతుంది. నిన్ను పొగడదు."

అంటోబాం వినలేదు. బల్ల కిందికి వంగి మేస్త్రీ ఇచ్చిన డిఫరెన్షియల్ బయటికి లాగాడు. దాన్ని ఇంకెక్కడైనా బిగించడం చూస్తానని అబుకరి ఎప్పుడూ అనుకోలేదు. తన దగ్గరున్న వాటిలో అన్నిటికంటే మంచిది అక్కకి ఇవ్వాలి, అంతే. ఆ ఆలోచనలో అంటోబాంకి ఇంకే ఆలోచనా చొరబడలేదు.

షెడ్డులో తిప్పి చూశారు. లేత దుంపలు నాలుగు తురుముడులో వేశారు. జల్లెడ పీపాలో తడి రంపప్పొట్టు నింపారు. రెండు చివరలూ కలిసి మెత్తగా తిరిగాయి. అరటికాయ బజ్జీలమ్మే ఆవిడ కూడా బండి వదిలి వచ్చి చూసింది. అంటోబాం చేతులు నడుం మీద పెట్టుకుని ఆ రోజంతా అలాగే నిలబడ్డాడు.

సంతరోజు పొద్దున్నే పికప్పు మీద యంత్రాన్ని బోడ్వేక్రొం చేర్చారు. అబుకరి తన వెల్డింగు సామాను కూడా ఎక్కించాడు. అది లేకుండా అతను అత్తారింటికి కూడా వెళ్లడు. గారీ పాకలో ఆడవాళ్లు తెల్లారకముందే లేచి చెక్కు తీసిన దుంపలు తొట్ల నిండా నీళ్లలో వేసి ఉంచారు. ఇంత పెద్ద కుప్ప ఇంతకుముందు ఆ పాకలో పడలేదు. యంత్రం వస్తోంది కదా అని ఎవరి పొలంలో ఉన్నది వాళ్లు పీక్కొచ్చారు. ఒకసారి చెక్కు తీశాక కర్రపెండలం ఆగదు, మర్నాటికి నల్లబడి వాసన కొడుతుంది. ఆచియా ఉతికిన నీలం బట్ట కట్టి పీట మీద కూర్చుని ఉంది.

ఊరి పెద్దాయన సారా ధార పోసి పాతవాళ్లందర్నీ పేరుపేరునా పిలిచి యంత్రాన్ని చూసుకోమన్నాడు. అబుకరి ఓ పక్కన నిలబడి తన ప్రార్థన తను చేసుకున్నాడు. ఇన్ని వైపుల నుంచి దీవెనలు అందుకున్న యంత్రం మా దేశంలో ఇంకోటి ఉండదు. టివా దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"ఇది మనకి సాయానికొచ్చిందా, మనల్నే తురమడానికొచ్చిందా?" అంది.

"ముందు నీ నాలుక పెట్టి చూడు పిన్నీ, పదును తెలుస్తుంది" అన్నాడు అంటోబాం. ఆడవాళ్లు పకపకా నవ్వారు. టివా కూడా నవ్వింది, కానీ పక్కకి తప్పుకోలేదు.

ఇంజిను అందుకుంది. మొదటి దుంపలు నురగలా తురుమై తొట్టిలో పడ్డాయి. ముందురోజు చేత్తో తురిమి పిండి ఉంచిన ముద్దను జల్లెడ పీపాలో పోశారు. అదీ తిరిగింది. చప్పట్లు మొదలయ్యాయి. ధైర్యం వచ్చి ఆడవాళ్లు ముదురు దుంపలు గుప్పించారు. బొడ్రాయంత దుంపలు, మధ్యలో ఈనె కట్టెలా గట్టిపడ్డవి. తురుముడు చక్రం ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. ఇంజిను ఆగలేదు. ఆ తిప్పుడంతా అవతలి చివరకి పోయింది. జల్లెడ పీపా పిచ్చెత్తినట్టు రెట్టింపు వేగంతో తిరిగి, మూత ఊడగొట్టుకుని, లోపలున్న పిండినంతా పాక నలుమూలలా చిమ్మింది. ఎక్కువ భాగం దాని ముందు నిలబడ్డ అంటోబాం మీదే పడింది.

అతను తడుముకుంటూ వెళ్లి ఇంజిను ఆపాడు. జుట్టు, కనుబొమలు, మెడ, అన్నీ తెల్లగా ఉన్నాయి. టివా అంది:

"చూశారటే. మేస్త్రీకి యంత్రమే పౌడరు కొట్టింది. పాసయ్యాడు."

పాక పాకంతా నవ్వుల్లో మునిగిపోయింది. అంటోబాంకి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అక్క వైపు చూడలేకపోయాడు.

"ఆచియా, ఇంక లే" అంది టివా, ఈసారి నవ్వకుండా. "మాటంటే మాటే."

ఆచియా కదలలేదు. "సాయంత్రం అన్నాను. పొద్దు ఇంకా నడినెత్తి మీదే ఉంది. అది దిగినప్పుడు నేనూ దిగుతాను."

అంటోబాం యంత్రం పక్కన చతికిలబడి మొదటినుంచీ చూసుకొచ్చాడు. బెల్టు బాగుంది. క్లచ్ బాగుంది. తురుముడు పళ్లు ఒక్కటి కూడా విరగలేదు. చివరికి జల్లెడ చివర పట్టుకుని చేత్తో తిప్పాడు. తురుముడు చక్రం చప్పుడు లేకుండా వెనక్కి తిరిగింది, షెడ్డులో ఇన్నేళ్లూ తిరిగినట్టే. ఏ జబ్బూ లేదు. నిజం చెప్పాలంటే అప్పుడే అతనికి భయం వేసింది. జబ్బుంటే నయం చేస్తాడు. ఆరోగ్యంగా ఉన్నదాన్ని ఏం చెయ్యాలి?

ఆచియా పీట మీద నుంచే పిలిచింది. "ఏమైందిరా?"

"దీంట్లో ఏ లోపమూ లేదక్కా. ఇంత మంచిది మ్యాగజీన్ మొత్తంలో లేదు. ఎలాంటి మలుపులో తిప్పినా చక్రాలకి చిన్న కుదుపు కూడా తెలీనివ్వదు."

"మలుపేంట్రా?" అంది ఆచియా. "ఇక్కడ సిమెంటు పోసి కూర్చోబెట్టే సామాను ఇది. ఇది ఏ ఊరు పోవాలని, ఏ మలుపు తిరగాలని?"

అంటోబాంకి వానాకాలం అడవి దారిలో బురదలో కూరుకున్న దుంగల లారీలు గుర్తొచ్చాయి. ఒక చక్రం గట్టినేల మీద ఉంటుంది, అది కదలదు. బురదలో ఉన్నది గిర్రున తిరుగుతుంది, వెనక నెట్టే కుర్రాళ్ల ముఖాన ఇంత బురద కొడుతుంది. ఆ బురద అతను ఎంత తిన్నాడో లెక్కలేదు. ఎటు తేలికైతే అటు తిప్పుడంతా ఇచ్చెయ్యడం డిఫరెన్షియల్ గుణం. తురుముడు కష్టం, జల్లెడ తేలిక. అది తన పని తను అక్షరాలా చేసింది. బతుకంతా ఆ ఇనప డొక్కుల్ని నయం చేసి, వాటి మంచితనమే ఇక్కడ రోగమని చూడలేకపోయాడు. కుప్పలోంచి ఏ అరిగిపోయి బిగుసుకుపోయిన దాన్ని తెచ్చినా ఇంతకంటే నయంగా ఆడేది. మ్యాగజీన్‌లో ఇంకెవడూ ఈ తప్పు చెయ్యడు. చెయ్యాలంటే డిఫరెన్షియల్ని అంత ప్రేమించాలి.

తలెత్తేసరికి అబుకరి ఎదురుగా ఉన్నాడు. అతనికి అప్పటికే అర్థమైంది.

"నేను చెప్పను. ఆ మాట నా నోట రాదు. నువ్వే చెప్పు" అన్నాడు.

చెప్పాల్సింది ఒక్కటే. లోపలున్న చిన్న గేర్లు ఒకదానితో ఒకటి తిరక్కుండా కలిపి వెల్డు చేసెయ్యాలి. అప్పుడు రెండు చివరలూ ఒక్కటే ఇరుసైపోతాయి. ఒకటి ఆగి ఇంకొకటి పరుగెత్తడం ఉండదు. ఒకసారి అతికాక దాన్ని విడదీసే మేస్త్రీ పుట్టలేదు. డబ్బుల్లేక అలా అతికించుకున్న డిఫరెన్షియల్ ఎవరైనా తెస్తే అంటోబాం గుమ్మం తొక్కనిచ్చేవాడు కాదు. "పీక పిసికేసి వైద్యం చెయ్యమని తెచ్చావా?" అని వీధి చివరిదాకా వినపడేలా తిట్టేవాడు.

"కుమాసీ పోయి కుప్పలోది ఒకటి తెద్దామా?" అన్నాడు అబుకరి మెల్లగా.

అంటోబాం తొట్లలో దుంపల్ని చూశాడు. పీట మీద అక్కని చూశాడు. వెళ్లి వచ్చేసరికి పొద్దు పోతుంది, పీటా పోతుంది.

"వెల్డింగు సామాను దింపు" అన్నాడు.

అతని గొంతులో తడబాటు లేదు. ఏం చెయ్యాలో తెలిశాక తడబడే అలవాటు అతనికి ఎప్పుడూ లేదు. ఇరుసులు లాగి, బోల్టులు విప్పి, డిఫరెన్షియల్ని చాప మీదికి దించాడు. నూనె తుడిచాడు. అప్పుడు మాత్రం చెయ్యి ఆగింది.

"అక్కా, ఒక్కసారి ఇలా రా" అన్నాడు.

"దిగితే మళ్లీ ఎక్కనివ్వదు ఈ టివా. దాన్నే ఇటు పట్టుకురా."

ఇద్దరూ మోసుకెళ్లి పీట ముందు పెట్టారు. "ఈ పక్క పట్టుకుని నీ చేత్తో తిప్పు" అన్నాడు. ఆచియా తిప్పింది. రెండో పక్క వెనక్కి తిరిగింది.

"ఇదేంట్రా, నేనిటు తిప్పితే అది అటు తిరుగుతోంది?"

"అదే దాని గొప్ప. మా మేస్త్రీ నాకిచ్చింది. నాకు పౌడరు కొట్టిన రోజు."

ఆచియా ఇంకోసారి తిప్పింది, ఈసారి నెమ్మదిగా. ఆ రోజు మాట వాళ్లిద్దరి మధ్యా వచ్చింది అదే మొదటిసారి. ఆమె చెయ్యి తీసి, అంటిన నూనెని బట్టకి తుడుచుకుంది, నీలం బట్టకే.

అబుకరి పొయ్యి మీద గేర్లు వేడిచేసి, అంటోబాం చూపించిన చోటల్లా అతికించాడు. ఇంకెవరితోనైనా అయితే పనిచేస్తూ పది వెటకారాలు ఆడేవాడు, ఆ రోజు ఒక్కటీ ఆడలేదు. ఒక్కసారిగా చల్లారితే పగులుతుందని గారీ పొయ్యిల్లోని వెచ్చటి బూడిదలో కప్పిపెట్టారు. అది చల్లారేదాకా అంటోబాం గారీ, బొబ్బర్లు, పామాయిలు కలిపి పెట్టింది రెండు గిన్నెలు తిన్నాడు. ఆకలి అతన్ని ఏ కష్టంలోనూ వదిలిపెట్టలేదు. టివా వచ్చి బూడిద కుప్పని చూసి, "ఇప్పుడు దాన్ని వేయించి మాకు పెడతాడా?" అంది. ఎవరూ పెద్దగా నవ్వలేదు. ఆడవాళ్లు పొద్దు వైపు చూస్తున్నారు.

పాక నీడ దారి దాటి అవతలి గోడ ఎక్కే వేళకి యంత్రం మళ్లీ నిలబడింది. అంటోబాం జల్లెడ చివర పట్టుకుని తిప్పాడు. తురుముడు చక్రం కూడా అటే తిరిగింది, ఇరుసంతా ఒక్క కర్రముక్కలాగా. అతను పెదవి కొరుక్కుని ఇంజిను తిప్పాడు.

"ముదురువే వెయ్యండి. లేతవి తర్వాత" అన్నాడు.

టివా స్వయంగా ముందుకొచ్చింది. తొట్లో వెతికి వెతికి అన్నిట్లోకీ పెద్దది, మధ్యలో కట్టె కట్టింది తీసి వేసింది. తురుముడు మూలిగింది. ఇంజిను గొంతు దిగింది. చక్రం ఆగలేదు. దుంప కట్టెతో సహా నురగై కింద పడింది. టివా ఇంకోటి వేసింది. ఇంకోటి. జల్లెడ అవతల తన దారిన తను, తురుముడు ఎంత వేగమైతే అంతే వేగంతో తిరుగుతోంది. చేతులకి చేతులు అందుకుని ఆడవాళ్లు తొట్లు ఖాళీ చెయ్యడం మొదలుపెట్టారు. సంచులు జాకీల కిందికి చేరాయి, పొయ్యిలు రాజుకున్నాయి. ఆ యంత్రం ఆ రోజు గారీ పాకలో చేసిన చప్పుడు చెవులు బద్దలయ్యేంత ఉంది. అంతకంటే కమ్మటిది అంటోబాం తన బతుకులో విని ఉండడు.

టివా చేతులు కడుక్కుని పీట దగ్గరికి వచ్చింది. ఏం అంటుందా అని అందరూ చెవులు రిక్కించారు.

"కూర్చో, కూర్చో" అంది ఆచియాతో. "పొద్దుట్నుంచీ దిగలేదు, కాళ్లు పట్టేసి ఉంటాయి. కాస్త జరిగి కూర్చో."

"జరగను. దిగుతాను" అంది ఆచియా.

పొద్దుటి నుంచి అదే మొదటిసారి ఆమె పీట దిగడం. మోకాళ్లు పట్టుకుని లేచి, అంటోబాం దగ్గరికి నడిచింది. కొంగు మూట విప్పింది. అందులో పౌడరు డబ్బా ఉంది, సీలు కూడా తియ్యనిది. అంటోబాం దాన్ని గుర్తుపట్టాడు. డబ్బాని కాదు, ఆ మూటని. షెడ్డుకి వచ్చిన రోజు విప్పకుండా తిరిగి కట్టుకుపోయిన మూట.

"ఇది ఎప్పుడు కొన్నావే?" అన్నాడు.

"టివాతో మాట అన్న రోజునే. ముందు ఇది కొనుక్కుని, తర్వాత నీ దగ్గరికొచ్చాను."

"ఇంకా నేను ఒక్క బోల్టు కూడా ముట్టుకోలేదు కదా."

"ముట్టుకుంటావని తెలుసు. వంగు. నువ్వు పొడుగు."

అంటోబాం వంగాడు. పొద్దుట పడిన పిండి ఇంకా అతని మెడ మీద ఎండి పట్టుకునే ఉంది. ఆచియా దాన్ని అరచేత్తో తుడిచేసి, డబ్బా సీలు పళ్లతో కొరికి తీసి, చేతినిండా పౌడరు పోసుకుంది. మెడకి రాసింది, బుగ్గలకి రాసింది, చొక్కా లోపల చెయ్యి పెట్టి వీపుకి రాసింది. ఆ కణుపుల మీది పాత మచ్చలు అతనికి గరగరా తగిలాయి. ఆడవాళ్లు కేకలు వేస్తున్నారు. అబుకరి ఇంజిను చప్పుడు మీదుగా ఏదో అరుస్తున్నాడు. అంటోబాంకి కళ్లమ్మట నీళ్లు కారాయి, దాచుకోలేదు.

"ఇంకా ఉందా అందులో?" అన్నాడు తల వంచుకునే.

"సగం ఉంది."

"అంతా పోసెయ్. ఊరంతా తిరగాలి."